ఇంగువ ఎర

తొంభై ఎనిమిది ఏప్రిల్లో, కాలవలకి నీళ్లు కట్టేసిన వారానికి నేను పెడన వెళ్లింది చేపల కోసం కాదు. కలంకారీ అద్దకం నేర్చుకుందామని వెళ్లాను. రెండు టేకు అచ్చులు, డబ్బాడు రంగు, ఆరు గజాల తెల్లగుడ్డ కొనుక్కుని, ఇక జీవితమంతా పువ్వులూ తీగెలూ అద్దుకుంటూ బతుకుతానన్న ధీమాతో తిరుగు బస్సెక్కాను. లాకుల దగ్గరికి వచ్చేసరికి టైరు పంక్చరయింది.

ఆ లాకుల దగ్గరే నేను పెరిగాను. మా నాన్న అక్కడ ఇరిగేషన్ గుమాస్తా. నాకు పన్నెండేళ్లు నిండేదాకా కాలవ గట్టు మీది క్వార్టర్లోనే ఉన్నాం. గుడివాడ కాపరానికి వచ్చాక ఆ దారిన ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు గాని, కిటికీలోంచి చూడ్డమే తప్ప దిగింది లేదు. ఆ రోజు కండక్టరు అందర్నీ దింపేశాడు.

కాలవ అడుగు నెర్రెలిచ్చి ఉంది. లాకు తలుపుల కింద లోతైన గుంటలో మాత్రం నీళ్లు మిగిలాయి. పైనుంచి కిందిదాకా కాలవలో ఉన్న చేపలన్నీ వేసవిలో ఆ గుంటలోకే చేరతాయి. మెట్ల మీద ఒకామె గాలం వేసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగు తలమీదికి లాక్కుంది. లాకు తలుపులు ఎత్తే లస్కరు రత్తయ్య కూతురు పుష్పావతి. చిన్నప్పుడు ఆ మెట్ల మీద నా పక్కన కూర్చున్నది ఆమే.

"ఇందిరమ్మగారూ, మీరేనా? ఇలా వొచ్చారేంటండీ?"

"బస్సు దింపేసింది. ఒకసారి ఆ కర్ర ఇలా ఇస్తావా?"

"వొద్దండీ, చీర నీచు కంపు కొట్టుద్ది."

"కొట్టనీ."

కొబ్బరి చిప్పలో ఎరకోసం తవ్వి తెచ్చిన ఎర్రలు మెలికలు తిరుగుతున్నాయి. చిన్నప్పుడు కూడా నేను వాటిని ముట్టుకునేదాన్ని కాదు. మాది చేప వాసన తెలియని ఇల్లు. నా ఎర వేరుగా ఉండేది. గోధుమపిండిలో ఇంగువ కలిపి, గట్టి ముద్ద చేసి, బఠాణీ గింజంత ఉండలు చుట్టుకునేదాన్ని. గాలం పట్టినా పోపుల డబ్బా వదలని పిల్లనని రత్తయ్య నవ్వేవాడు. ఆ వాసనకి బొచ్చె చేపలు ఎగబడి వచ్చేవి. ఆ రోజు నా దగ్గర పిండి లేదు. పుష్పావతే ఎర్ర గుచ్చి ఇచ్చింది.

నీళ్ల మీద గాలపు తాడుకి కట్టిన బెండు నిలిచింది. నేను ఊపిరి బిగబట్టాను. ఎన్ని నిమిషాలు గడిచాయో తెలియదు. బెండు ఒకసారి తల ఊపింది, మళ్లీ ఊపింది, బుడుంగున మునిగింది.

"లాగు! లాగవే మొద్దూ, చూస్తావేంటి!" అని అరిచింది పుష్పావతి. అండీలూ గార్లూ అన్నీ ఆ గుంటలో పడిపోయాయి.

జానెడు బొచ్చె. గట్టు మీద అది ఎగురుతుంటే నేనూ ఎగిరాను. నలభై ఒక్క ఏళ్ల మనిషిని, పెళ్లీడుకొచ్చిన కూతురున్నదాన్ని, లాకు మెట్ల మీద చెప్పుల్లేకుండా ఎగిరాను. బస్సులోవాళ్లు చూస్తే చూశారు. డ్రైవరు హారను కొడితే పరుగెత్తి ఎక్కాను. గుడివాడలో దిగాక గుర్తొచ్చింది, అచ్చులూ రంగూ గుడ్డా మెట్ల మీదే వదిలేశానని. వాటికోసం వెనక్కి వెళ్లాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

సాయంత్రం మావారు ట్రెజరీ ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను చింతపండు పెట్టి చేతులు తోముకుంటున్నాను. సంగతి చెప్పాను. రఘునందన్‌గారు చొక్కా గుండీలు విప్పుతూ హాజరు పిలిచినట్టు మొదలుపెట్టారు.

"వైరుబుట్టలు అయ్యాయి. ఇసుకలో కేకులు కాల్చడం అయింది. హోమియో అయింది. గులాబీ అంట్లు అయ్యాయి. హిందీ పరీక్షలు మూడు రాసి నాలుగోది ఎగ్గొట్టావు. వీణ పదకొండేళ్లుగా అటక మీద దుప్పటి కప్పుకుని పడుకుంది. పొద్దున కలంకారీ అన్నావు. మధ్యలో బస్సు ఆగితే చేపలా?"

"కలంకారీ రికార్డు నాన్నా. ఒక్క పూట కూడా నిలవలేదు," అంది మా ప్రణతి. ఇంటర్ పరీక్షలు అయిపోయి ఇంట్లోనే ఉంది. అయిదేళ్లప్పుడు నా హోమియో పెట్టెలోని తియ్యని గుళికలన్నీ ఒక్క మధ్యాహ్నంలో మింగేసి మమ్మల్ని బందరు ఆసుపత్రికి పరుగెత్తించిన పిల్ల. నా పిచ్చుల గురించి మాట్లాడే అధికారం తనకుందని దాని నమ్మకం.

నాకు కోపం రాలేదు. ఆ జాబితా నాకు కొత్త కాదు, అందులో అబద్ధమూ లేదు. కానీ నేను దేన్నీ సగం మనసుతో చెయ్యలేదు. బుట్టలల్లిన రోజుల్లో వేళ్లు కోసుకుపోయేదాకా అల్లాను. గుడివాడలో నా బుట్ట లేని చుట్టాలిల్లు ఇవాళ్టికీ లేదు. వీణ నేర్చుకున్న ఏడాది అన్నం మాడిపోతున్నా సరళీ వరస ఆపలేదు. ఏదో ఒక రోజున అది నాలోంచి దిగిపోయేది. దిగిపోయినదాన్ని పట్టుకుని వేళ్లాడ్డం నాకు చేతకాదు. వదిలేసినందుకు నేనెప్పుడూ ఏడవలేదు. ఏడిచిందల్లా చుట్టూ ఉన్నవాళ్లే.

మంగళవారం, శుక్రవారం వంట ముగించి పదిగంటల బస్సెక్కడం మొదలుపెట్టాను. టిఫిను డబ్బాలో ఇంగువ ఉండలు. పట్టినవన్నీ పుష్పావతి దాకలోకే పోయేవి. మొదటి రోజే ఆమె మొహమాటం లేకుండా చెప్పేసింది.

"మీకు సరదా అండీ, మాకు కూర. ఎక్కువ పట్టండి."

నేను వదిలేసిన కలంకారీ గుడ్డ ఆమె కిటికీకి తెరగా వేలాడుతోంది. బాగానే ఉంది అక్కడ.

"తినవు కదమ్మా, మరి చంపడమెందుకు?" అని ప్రణతి ఒకరోజు అడిగింది.

"పాపమే. నా ఖాతాలోనే రాసుకో," అన్నాను. "వాటిని చంపడం ఇష్టమై వెళ్లట్లేదే. బెండు మునిగే ముందు ఒక క్షణం ఉంటుంది చూడూ, దానికోసం వెళ్తున్నాను."

"వీణప్పుడు కూడా ఏదో క్షణం అన్నావు."

"అన్నాను. అదీ నిజమే. కానీ ఇది వేరు."

ఎలా వేరో అప్పుడే దానికి మొదటిసారి చెప్పాను. పన్నెండో ఏట నేను పెద్దమనిషినయ్యాను. ఆ పొద్దున్న కూడా నా గాలపు కర్ర వసారా చూరులో ఉంది. రత్తయ్య ఏరి తెచ్చి, నిప్పు సెగకి వంపులు తీసి ఇచ్చిన వెదురుకర్ర అది. మా నాయనమ్మ దాన్ని లాగి, మోకాలికి ఆనించి విరిచి, కాగు కింద పొయ్యిలో పెట్టింది. ఆ మంట మీద కాగిన నీళ్లే నా నెత్తిన పోశారు. నేను ఏడుస్తుంటే కడుపునొప్పి అనుకున్నారు. మళ్లీ ఆ మెట్లు దిగనివ్వలేదు. ఆరు నెలలకి నాన్నకి బదిలీ అయింది.

"మిగతావన్నీ నేను వదిలినవే. ఇదొక్కటే నా చేతిలోంచి లాక్కున్నారు," అన్నాను.

ప్రణతి వెక్కిరించలేదు. "ఇంగువ డబ్బాలో అడుగంటింది, తెచ్చుకో," అని లోపలికి వెళ్లిపోయింది.

మే రెండో వారంలో ఒక తప్పు చేశాను. జెల్ల చేపని గాలం నుంచి విడిపించేటప్పుడు పక్క ముళ్ల వెనక నుంచి, రెండు వేళ్ల సందున పట్టాలి. పదేళ్లప్పుడు కళ్లు మూసుకుని చేసిన పని. ఈసారి బెండకాయ పట్టుకున్నట్టు మధ్యలో పట్టుకున్నాను. ముల్లు అరచేతిలో దిగింది. దాని వెన్ను మీది ముల్లు ఇంకోటి బొటనవేలి కింద గుచ్చుకుంది. పుష్పావతి ముల్లు లాగి సున్నం రాసింది గాని, బస్సు గుడివాడ చేరేసరికి చెయ్యి ఉబ్బి గాజులు బిగుసుకుపోయాయి.

మెట్లెక్కుతుంటే శారదాంబగారు చూశారు. మా ఇంటి ఓనరు. హెడ్మాస్టరు చేసిన భర్త పోయాక కింద ఆవిడ ఒక్కరే ఉంటారు. పై వాటాలో మేము పదహారేళ్లుగా ఉంటున్నాం. అద్దెకి వచ్చిన రోజున ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. ఈ గడపలోకి నీచు రాకూడదు. మా గురించి తెలుసుకునే ఇచ్చారు గనక ఆ మాట మళ్లీ ఎత్తే అవసరం పడలేదు. నేను ఆవిడని పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ప్రణతికి మొదటి అక్షరాలు దిద్దించింది ఆవిడే.

నన్ను కూర్చోబెట్టి, గాజులకి సబ్బు రాసి ఒక్కొక్కటే మెల్లగా లాగారు. పసుపు నూరి వెచ్చచేసి పట్టు వేశారు.

"ఏం గుచ్చుకుందమ్మాయ్? తుమ్మముల్లా?"

అవునంటే అయిపోయేది. ఆవిడే నోటికి అందించారు. అబద్ధం చెప్పడానికి నాకు పెద్ద పట్టింపు కూడా లేదు. కానీ చిన్నప్పటి నుంచి కడుపునొప్పి అనుకోనిచ్చిన ఏడుపు ఒకటి నాలో ఉంది. దానికి ఇంకోటి కలపబుద్ధి కాలేదు.

"జెల్ల ముల్లు పిన్నిగారూ. లాకుల దగ్గర చేపలు పడుతున్నాను, నెలరోజుల నుంచి."

పసుపు గిన్నె పట్టుకున్న ఆవిడ చెయ్యి ఆగింది. "బస్సులోంచి చూశామని ఒకరిద్దరు చెప్పారు. మా ఇందిర కాదని పోట్లాడాను," అన్నారు. పట్టు పూర్తిగా కట్టి, లేచి, బావి దగ్గర స్నానం చేసి మడి కట్టుకోడానికి వెళ్లారు. నేను చూస్తుండగానే వెళ్లారు.

ఆదివారం పొద్దున మా వాటాకి వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"రఘూ, నువ్వూ విను. నేను గోల చెయ్యను. కిందికి రండి. దీపం ముందు నిలబడి ఇంక గాలం ముట్టనని ఇందిరని ఒక్కమాట అనమను. ఇది ఇక్కడితో మర్చిపోదాం."

మావారి మొహంలో ఊరట కనిపించింది. ఇంత తేలిగ్గా తేలిపోతుందని ఆయన అనుకోలేదు. "అనేయ్ ఇందిరా. దానిదేముంది? ఎలాగూ ఆషాఢం వచ్చేసరికి నువ్వే వదిలేస్తావు. రెండు నెలలు ముందే వదిలేశాననుకో."

"ఎలాగూ వదిలేసేదాన్నే అయితే ఆ రెండు నెలలూ మీరు ఆగలేరా?"

"పంతానికి పోకు. పదహారేళ్ల ఇల్లు. ఆఫీసుకి నడిచి వెళ్తున్నాను. ప్రణతి కాలేజీ వీధి చివరే."

"నీ కూతుర్ని ఈ చేతుల్తో ఎత్తుకు తిరిగానే అమ్మాయ్," అన్నారు శారదాంబగారు. అది బెదిరింపు కాదు. ఆవిడకి నేనంటే నిజంగా ప్రేమే, భర్త పూజ చేసుకున్న గదన్నా అంతే నిజమైన భక్తి. కాళ్ల మీద పడి, సరే అనేస్తే అందరం కలిసి కాఫీ తాగవచ్చు.

"పిన్నిగారూ, ఇంట్లోకి ఒక్క పొలుసు తేలేదు. తేను. అక్కడే స్నానం చేసి రమ్మంటే చేసి వస్తాను. చేప ముట్టిన రోజున మీ గడప తొక్కొద్దంటే వెనక మెట్ల మీంచి వెళ్తాను. మీ ఇల్లు, మీ నియమం. కానీ దీపం ముందు మాత్రం ప్రమాణం చెయ్యను."

"ఏం? మూన్నాళ్ల ముచ్చటకి ఇంత మొండితనమా?" అన్నారావిడ.

"నేను మానేస్తే మానేస్తాను. మానిపిస్తే మానను. ఒకసారి మానిపించారు, చాలు."

కింద వీధిలో పాత ఇనుప సామాన్లవాడి కేక వినిపిస్తోంది. శారదాంబగారు కొంగుతో కళ్లు ఒత్తుకుని, "అయితే నెలాఖరుకి ఇల్లు చూసుకోండి," అని మెట్లు దిగిపోయారు.

మావారు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. "మీ అమ్మని మంచినీళ్లిమ్మను" అని ప్రణతితో చెప్పేవారు, నేను ఎదురుగా నిలబడి ఉండగానే. నేనూ తగ్గలేదు. "మీ నాన్నగారిని కూజా అక్కడే ఉందని చూసుకోమను" అనేదాన్ని. మంగళవారం కట్టు కట్టిన చేత్తోనే బస్సెక్కాను. బస్సులో ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూసి గుసగుసలాడుకుంటుంటే, డబ్బా మూత తీసి ఇంగువ ఉండలు వాళ్లకి కనపడేలా ఒళ్లో పెట్టుకున్నాను.

అయిదో రోజు సాయంత్రం మావారు ఆలస్యంగా వచ్చారు. చెప్పులు విడుస్తూ నా వంక చూడకుండా అన్నారు.

"బంటుమిల్లి రోడ్డులో రెండు గదుల వాటా చూశాను. చేతిపంపు నీళ్లు కాస్త ఉప్పగా ఉన్నాయి. ఆఫీసుకి సైకిలు మీద వెళ్లాలి."

"ఓనరు ఎలాంటివారు?"

"కోటిలింగంగారని, రొయ్యల చెరువులున్నాయి. ఎంతమంది అని అడిగాడు. ఏం తింటారని అడగలేదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మీకు ఇష్టం లేకుండా ఎందుకు?"

"ఇష్టమని నేననలేదు." ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నారు. "ఇరవయ్యేళ్లుగా అన్నీ వదిలేస్తావని నిన్ను ఏడిపిస్తున్నాను. ఇప్పుడు వదలనంటున్నావని తిడితే జనం నన్ను చూసి నవ్వరూ? అన్నం పెట్టు."

ఆయన అన్నది అంతే. ఆ మాటకి నేను ఆయన చేసిన హాజరు పట్టీలన్నీ మన్నించేశాను.

మే ముప్ఫైన సామాను రిక్షాల్లో ఎక్కించాం. వీణ కూడా వచ్చింది, దుప్పటితో సహా. శారదాంబగారు గడప దాటి వచ్చి ప్రణతిని గట్టిగా కౌగిలించుకున్నారు. నాకు అక్షింతల గిన్నె చాపి, నన్నే వేసుకోమన్నారు. పదహారేళ్లూ ప్రతి పండక్కీ ఆవిడే నా నెత్తిన వేసేవారు. నేను వేసుకుని, వంగి దణ్ణం పెట్టాను. ఆవిడ కాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఆ మిగిలిన ప్రేమే చాలా బాధపెట్టింది నన్ను. అయినా రిక్షా ఎక్కాను.

జూన్ మూడోవారంలో కాలవలకి నీళ్లు వదిలారు. ఎర్రనీళ్లు నురగతో వచ్చి గుంటని ముంచేశాయి. గుంటలోని చేపలు కాలవ పొడవునా చెదిరిపోయాయి. ఒక్కోరోజు మధ్యాహ్నం దాకా బెండు కదిలేది కాదు. నేను వెళ్తూనే ఉన్నాను. వానలో గోనెసంచీ కప్పుకుని కూర్చున్నాను. నారుమళ్లకి వెళ్లే రైతులు ఆగి, "ఏం పడ్డాయమ్మగారూ?" అని మామూలుగా పలకరించడం మొదలుపెట్టారు. ఇంగువ పాళ్లు అడిగి ఒకాయన రాసుకున్నాడు కూడా.

జూలై చివర్లో ఒక శుక్రవారం. వాన వెలిసి ఎండ వచ్చింది. బెండు మునిగింది, లాగాను. రెండు కేజీల పైమాటే ఉంటుంది, బొచ్చె. నా జన్మలో అంత చేప పట్టలేదు. పుష్పావతి కేకలేస్తూ వచ్చి బుట్టలో వేసుకుంది.

నేను మళ్లీ ఎర గుచ్చబోయాను. చెయ్యి ముందుకు వెళ్లలేదు. కాసేపు నీళ్ల వంక చూస్తూ కూర్చున్నాను. నాకు బాగా ఎరుకైన సంగతే అది. వీణ దగ్గరా అలాగే అయింది, గులాబీల దగ్గరా అలాగే అయింది. వెతికి చూసుకున్నాను, దిగులేమైనా ఉందేమోనని. లేదు. కడుపు నిండా తిని విస్తరి ముందు నుంచి లేచినట్టుంది. డబ్బాలో మిగిలిన ఉండలు కాలవలోకి విదిలించి, కర్ర పుష్పావతి చేతిలో పెట్టాను.

"మంగళారం రారా?"

"రాను."

"ఎవురన్నా ఏవన్నా అన్నారా?"

"ఎవ్వరూ ఏమీ అనలేదు పుష్పా. ఇంక చాలనిపించింది."

ఆమె నా మొహంలోకి చూసి, కర్ర భుజాన వేసుకుని, "సరే అయితే. బస్సు వొచ్చే టైమైంది," అంది.

ఇంటికొచ్చేసరికి మావారు సైకిలు తుడుచుకుంటున్నారు. రోజూ అంత దూరం తొక్కి కాస్త చిక్కారు. భోజనాల దగ్గర మామూలుగా అడిగారు.

"ఇవాళ ఏం పడింది?"

"రెండు కేజీల బొచ్చె. ఇవాళ్టితో మానేశాను."

ప్రణతి నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మావారు చెయ్యి కంచంలోనే ఆపి, ఉప్పునీళ్ల మరకలు కట్టిన గోడల్ని, రేకుల వసారాని, దానికింద సైకిల్ని వరసగా చూసి, చివరికి నన్ను చూశారు.

"మానేశావా? ఎవరు మానమన్నారు?"

"ఎవరూ అన్లేదు. నేనే మానేశాను."

"మరి దీనికోసమా మనం ఆ ఇల్లు వదులుకుని వచ్చింది?"

"దీనికోసమే," అన్నాను.